మెనూ సర్దుడు

కంప్యూటర్‌లో మెనూ సర్దుకోవడం పని కిందికి రాదనీ, పని ఎగ్గొట్టడానికి చదువుకున్నవాళ్ళు కనిపెట్టిన మర్యాదైన మార్గమనీ మా ఇంట్లో గట్టి అభిప్రాయం ఉంది. ఆ అభిప్రాయానికి అధ్యక్షత మా ఆవిడది. అనువాదం గడువు నెత్తిమీదికి వచ్చిన రాత్రి నేను మౌస్ పట్టుకుని ఒక ఐకాన్‌ను పైనుంచి కిందికీ, కిందినుంచి పక్కకీ జరుపుతుంటే వెనక నిలబడి చూసి, "మళ్ళీ మొదలెట్టారా?" అంటుంది. నేను జవాబు చెప్పను. ఇది ఆ జవాబే అనుకోండి, కాస్త ఆలస్యంగా, కాస్త పొడుగ్గా.

సర్దుడు అంటే తెర వెనక బొమ్మ మార్చడం కాదు. అక్కడ వెంకటేశ్వరస్వామిని పెట్టుకున్నా, అరకు లోయను పెట్టుకున్నా పని నడిచే తీరు మారదు. నేనంటున్నది తెర మూల నొక్కితే విచ్చుకునే జాబితా సంగతి. ఏ ప్రోగ్రామ్ పైన ఉండాలి, ఏది లోపలి మడతలో ఉండాలి, ఏది అసలు కంటపడకూడదు, ఏ రెండు పక్కపక్కన ఉంటే చేతికి సుఖం. వినడానికి చాలా చిన్న విషయం. రోజుకు పదిగంటలు ఆ తెర ముందే కూర్చునేవాడికి మాత్రం అంత చిన్నదేమీ కాదు.

కొత్త సిస్టమ్ కొన్నా, పాతదానికి ఫార్మాట్ కొట్టించినా, మొదటిసారి మెనూ తెరిచినప్పుడు కనిపించేది మన తరఫున ఎవరో ఊహించి పెట్టిన జాబితా. ఊహించినవాడు మనల్ని ఎన్నడూ చూడలేదు. పొద్దున్నే పేపర్ చూస్తామో, బ్యాంకు ఖాతా చూస్తామో, తెలుగులో టైపు చేస్తామో లేదో వాడికి తెలియదు. పాపం వాడు మాత్రం ఏం చేస్తాడు, కోట్లమందికి ఒకే జాబితా తయారుచేయాలి. అందుకని ఎవరికీ పూర్తిగా సరిపోనిది, ఎవరికీ బొత్తిగా పనికిరానిదీ కానిది ఒకటి పెట్టి పంపిస్తాడు.

విండోస్ వాడినవాళ్ళకు ఆ జాబితా మూలన దొరకడం 1995లో మొదలైంది. ఆ ఏడు ఆగస్టు 24న విండోస్ 95 విడుదలైంది. తయారీలో ఉన్నప్పుడు ముందు మూడు బటన్లు ఉండేవి: సిస్టమ్‌కు ఒకటి, వెతకడానికి ఒకటి, సాయం అడగడానికి ఒకటి. పోనుపోను మొదటిది మిగతా రెంటినీ మింగేసింది. అప్పటికీ దాని మీద పేరు లేదు. కొత్తవాళ్ళను తెచ్చి కూర్చోబెట్టి చూస్తే, కంప్యూటర్ ఆన్ అయ్యాక ఏం చేయాలో తోచక తెర వంక అలాగే చూస్తూ ఉండిపోయారు. దాంతో దానిమీద 'స్టార్ట్' అని రాసేశారు. ఆపడానికి కూడా స్టార్టే నొక్కాలా అని జనం ఇప్పటికీ నవ్వుతుంటారు. కానీ అసలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాడికి అంతకంటే సూటిగా చెప్పడం కష్టం.

మూల అన్నాను కదా, ఆ మూల ఊరికే దొరికింది కాదు. పాల్ ఫిట్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, చెయ్యి ఒక లక్ష్యాన్ని చేరడానికి పట్టే కాలం ఆ లక్ష్యం ఎంత దూరంలో ఉంది, ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి ఉంటుందని 1954లో లెక్కగట్టి చూపాడు. తెర అంచుకు వచ్చేసరికి మౌస్ బాణం దానంతటదే ఆగిపోతుంది. కాబట్టి మూలనున్న బటన్ కంటికి గోరంతే అయినా చేతికి కొండంత. కళ్ళు మూసుకుని మౌస్‌ను అటు తోసెయ్యొచ్చు. చిత్రమేమిటంటే, విండోస్ 95లో స్టార్ట్ బటన్ మూలకు పూర్తిగా ఆనలేదు. అంచుకూ దానికీ నడుమ సన్నని సందు వదిలారు. బాణాన్ని మూలకంటా తోసి నొక్కితే ఏమీ జరిగేది కాదు. కొంచెం వెనక్కి లాగి గురిచూసి నొక్కాలి. అంత ఆలోచించి మూల సంపాదించి, చివరి వెంట్రుకవాసి దగ్గర వదిలేశారు. తర్వాతి విండోస్‌లలో ఆ సందు పూడ్చారు. 2021లో విండోస్ 11 వచ్చి బటన్‌ను మూలనుంచే లేపి వరస మధ్యలోకి తెచ్చింది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మళ్ళీ ఎడమకు తెచ్చుకోవచ్చు. తెచ్చుకోవచ్చని తెలిసినవాళ్ళకు.

గవర్నర్‌పేటలో నేను వెళ్ళే డీటీపీ సెంటర్ ఒకటుంది. అక్కడి ఆపరేటర్‌గారు పాత విండోస్ ఎక్స్‌పీ మీద, పేజ్‌మేకర్‌లో, అనూ ఫాంట్లతో పనిచేస్తారు. ఆయన మెనూ జోలికి పోగా నేనెప్పుడూ చూడలేదు. తెరనిండా ఐకాన్లే. పెళ్ళిశుభలేఖలు, షష్టిపూర్తి కార్డులు, కవితా సంపుటాలు, చిట్‌ఫండ్ రసీదులు, 'న్యూ ఫోల్డర్', దాని పక్కన మరో 'న్యూ ఫోల్డర్'. తెర వెనక ఏ బొమ్మ ఉందో ఆయనకే గుర్తులేదనుకుంటాను.

"ఇంత గందరగోళంలో ఎలా దొరుకుతాయండీ మీకు?" అన్నాను ఒకసారి.

"గందరగోళం మీకండీ, నాకు కాదు. ఆ కుడివైపున చూడండి, రీసైకిల్ బిన్‌కి పైన మూడోది. మీ ఫైలే."

నిజంగానే నా ఫైలే. ఆయన పేర్లు చదవరు. చోటు చూస్తారు. ఒకసారి షాపులో కొత్తగా చేరిన కుర్రాడు, అన్నకు సాయం చేద్దామని కాబోలు, రైట్ క్లిక్ కొట్టి ఐకాన్లన్నింటినీ వరసగా సర్దే 'ఆటో అరేంజ్' నొక్కాడట. "ఆ రోజు షాపు మూసుకున్నట్టే లెక్కండీ" అన్నారాయన. ఫైళ్ళన్నీ తెర మీదే ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. పేర్లూ మారలేదు. అయినా ఆయనకు ఏమీ దొరకలేదు.

చాలామంది మేధావులకు తట్టని సంగతి ఆ ఆపరేటర్‌గారి తెర మీద ఉంది. మనిషికి వస్తువు గుర్తుండేది పేరుతో కాదు, వరస క్రమంతో కూడా కాదు, ఉన్న చోటుతో. ఆ చోటు కదలనంతకాలం ఏ అమరికైనా చెల్లుతుంది.

1999లో వచ్చిన ఆఫీస్ 2000 వాడినవాళ్ళకు ఇది గుర్తుండాలి. అందులో మెనూలు తమంతట తామే సర్దుకునేవి. మీరు తరచుగా వాడే ఆదేశాలు మాత్రం పైకి కనిపించేవి. మిగతావి అడుగున రెండు చిన్న బాణాల వెనక దాక్కునేవి. కాసేపు ఆగితేనో, ఆ బాణాలు నొక్కితేనో మెనూ సాగి, దాక్కున్నవి బయటపడేవి. ఉద్దేశం మంచిదే. పొడవాటి జాబితా చూసి మనిషి బెదిరిపోకూడదని. కానీ నిన్న నాలుగోదిగా ఉన్నది ఇవాళ ఆరోదిగా కనిపిస్తుంటే, మొన్న ఉన్నది ఇవాళ కనిపించకపోతే, ప్రతిసారీ జాబితాను మొదటినుంచి చదువుకోవాల్సిందే. చెయ్యి నేర్చుకున్నదంతా వృథా. జనం ఆ సదుపాయాన్ని ఎలా తీసేయాలో ఒకళ్ళనొకళ్ళు అడిగి తెలుసుకున్నారు. చివరికి ఆఫీస్ 2007లో ఆ మెనూలనే ఎత్తేసి రిబ్బన్ తెచ్చారు.

ఇలాగవుతుందని ఆఫీస్ 2000కు పదేళ్ళ ముందే ఒక సూచన ఉంది. 1989లో జెఫ్రీ మిచెల్, బెన్ ష్నైడర్‌మన్ కదలని మెనూలనూ, వాడకాన్ని బట్టి కదిలే మెనూలనూ జనంతో వాడించి పోల్చారు. ఎక్కువమంది కదలనిదే కావాలన్నారు. 2004లో లియా ఫిండ్లేటర్, జొవానా మెక్‌గ్రెనెర్ ఇంకొక అడుగు వేసి మూడు రకాలు పెట్టారు: కదలనిది, యంత్రం మార్చేది, మనిషి తానే మార్చుకునేది. యంత్రం మార్చేదాని కంటే కదలనిది వేగంగా నడిచింది. ఎక్కువమంది ఇష్టపడింది మాత్రం తాము మార్చుకునేదాన్ని. నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. మనం జరిపిన వస్తువు ఎక్కడుందో మనకు గుర్తుంటుంది. ఇంకొకరు జరిపింది, ఎంత మంచికి జరిపినా, మనకు పోయినట్టే.

మా పెదనాన్నగారు తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే ఆ ప్రెస్సులో కూర్చోబెట్టేవారు. ఏటవాలుగా నిలబెట్టిన కేసులు, వాటినిండా గళ్ళు, గళ్ళనిండా సీసపు అక్షరాలు. తెలుగుకు గుణింతాలూ వత్తులూ విడిగా కావాలి కాబట్టి గళ్ళు వందల్లో ఉండేవి. ఆయన కళ్ళు రాతప్రతి మీద, ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు, కుడిచెయ్యి మాత్రం దానంతటది గళ్ళ మీద తిరిగి వచ్చేది, చూడకుండా. ఇంగ్లీషు కేసులో 'ఈ' అక్షరానికి అన్నిటికంటే పెద్ద గది, చేతికి ఎదురుగా ఉండేది. ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ పడేది అదే. అంటే తరచుదనాన్ని బట్టి సర్దడం కంప్యూటర్ కనిపెట్టిన విద్యేమీ కాదు. కాకపోతే ఆ కేసును ఒకసారి సర్దారు, వదిలేశారు. ఇవాళ 'ష'లు ఎక్కువ పడ్డాయని రాత్రికి రాత్రి 'ష' గది ముందుకు వచ్చి కూర్చునేది కాదు. అచ్చయ్యాక అక్షరాలన్నింటినీ విప్పి, ఏ గడిలోది ఆ గడిలో వేసేవారు. ఆ పని కుర్రాళ్ళకు అప్పగించేవారు గానీ, గడి తప్పితే మాత్రం పెదనాన్న ఊరుకునేవారు కాదు.

కొత్త కంప్యూటర్లకూ ఫోన్లకూ మళ్ళీ ఆఫీస్ 2000 నాటి పాత పిచ్చే పట్టింది. 'ఇటీవల వాడినవి', 'తరచుగా వాడేవి', 'మీకోసం సూచనలు'. విండోస్ 11 మెనూలో సూచనలకంటూ ఒక భాగం ఉంది. 2024లో దానిలోకి స్టోర్‌లోని యాప్‌ల ప్రచారం కూడా తెచ్చారు. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేయొచ్చు. ఆపే దాకా మాత్రం నా జాబితాలో ఇంకొకరి సరుకు ఉంటుంది.

ప్రచారం సంగతి పక్కన పెట్టినా, ఈ 'తరచుగా' అన్న లెక్కతోనే నాకు పేచీ. ఎక్కువగా వాడేదీ ముఖ్యమైనదీ ఒకటే అని యంత్రం అనుకుంటుంది. దానికి లెక్కపెట్టడం వచ్చు కాబట్టి, లెక్కకు వచ్చేదే దానికి నిజం.

నా మెనూలో 'కష్టకాలం' అని ఒక మడత పెట్టుకున్నాను. అందులో ఉన్నవేవీ నేను రోజూ తెరిచేవి కావు. సిస్టమ్ చెడిపోతే నిన్నటి స్థితికి తీసుకెళ్ళే టైమ్‌షిఫ్ట్. డిస్క్ ఎంత బాగుందో చెప్పేది. బిగుసుకుపోయిన ప్రోగ్రామ్‌ను చంపడానికి టాస్క్ మేనేజర్. ప్రింటర్ క్యూ, ఎందుకంటే ప్రింటర్లన్నీ ముహూర్తం చూసుకుని సరిగ్గా అత్యవసరమప్పుడే ఆగిపోతాయి. తెరమీద కనిపించే కీబోర్డు, ఇది అసలు కీబోర్డులో ఏదో ఒక మీట చచ్చిపోయిన రోజుకు. వాడకం లెక్కన సర్దితే ఇవన్నీ అట్టడుగున, ఎవరికీ కనపడని చోట ఉంటాయి. కానీ వీటి అవసరం వచ్చినప్పుడు మనం వెతికే స్థితిలో ఉండం. చేతులు వణుకుతుంటాయి. పక్కన ఎవరో ఫోన్‌లో "పంపించారా సార్?" అంటుంటారు. అప్పుడు అవి ఎక్కడున్నాయో చేతికి తెలిసుండాలి.

ఇక రెండో వైపు చూడండి. నేను అన్నిటికంటే తరచుగా తెరిచే ప్రోగ్రామ్ ఏదో యంత్రాన్ని అడిగితే మొహమాటం లేకుండా చెప్పేస్తుంది: పేకముక్కల ఆట. యంత్రం లెక్కల్లో నా వృత్తి పేకాట, ఉపవృత్తి అనువాదం. మైక్రోసాఫ్ట్ 1990లో విండోస్ 3.0తో పాటు సాలిటేర్ ఇచ్చింది. రాసింది వెస్ చెర్రీ అనే ఇంటర్న్. ముక్కల బొమ్మలు గీసింది సూజన్ కేర్, మొదటి మెకింటాష్ ఐకాన్లు గీసినావిడే. మౌస్‌తో వస్తువును పట్టి లాగడం జనానికి అలవాటవుతుందన్న ఆలోచన కూడా దానివెనక ఉందంటారు. అలవాటైంది. అందులో అనుమానం లేదు.

నా అలవాట్లను గమనించి నాకు సేవచేసే మెనూ అయితే పేకాటను అన్నిటికంటే పైన, బొటనవేలంత ఐకాన్‌తో పెట్టాలి. నేను దాన్ని మూడో మడతలో, కష్టకాలం కంటే లోపల, పాత స్కానర్ ప్రోగ్రామ్ కింద పెట్టాను. తీసేయలేదు. తీసేస్తే మళ్ళీ తెచ్చి పెట్టుకోవడం ఒక పని అవుతుంది, ఆ పని చేయడంలో ఓ గంట పోతుంది. మూడు మడతలు విప్పాలంటే మాత్రం ఆ మధ్యలో ఒక్క క్షణం, "ఇప్పుడు అవసరమా?" అనిపిస్తుంది. పదిసార్లలో కొన్నిసార్లు చెయ్యి వెనక్కి వస్తుంది. కొన్నిసార్లు రాదు. నాకు ఆ 'కొన్నిసార్లు' చాలు.

ఆ లెక్కన మంచి అలవాట్లన్నీ పైన పెట్టేసుకుంటే మనిషి బాగుపడతాడా అంటే, అదీ లేదు. ఇంట్లో స్కాన్ చేసిన పుస్తకాలన్నింటికీ ఒక పద్ధతైన జాబితా తయారుచేద్దామని కాలిబర్ అనే ప్రోగ్రామ్‌ను మెనూలో అన్నిటికంటే పైన పెట్టి చూశాను. పైన ఉందే గానీ తెరవలేదు. దాన్ని దాటుకుని రెండోదాని మీదికి పోవడం చెయ్యి శుభ్రంగా నేర్చుకుంది. మెనూకు ఉన్న బలం అడ్డుపడేంతవరకే. తోసే బలం దానికి లేదు. ఇప్పుడు కాలిబర్ కింద ఎక్కడో ఉంది, అది బాధపడుతున్నట్టు కూడా లేదు.

ఎలా సర్దుతానో కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు ఆనందం అక్కడుంది. నేను వాడేది లైనక్స్ మింట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో. పాత ల్యాప్‌టాప్ మీద హాయిగా నడుస్తుంది. మెనూలో కనిపించే ప్రతి పేరు వెనకా ఒక చిన్న ఫైలు ఉంటుంది. డాట్ డెస్క్‌టాప్ ఫైలు అంటారు. మామూలు అక్షరాల ఫైలే, తెరిచి చదవొచ్చు. పేరు ఏమిటి, నొక్కితే ఏది నడవాలి, ఏ బొమ్మ చూపాలి, ఏ వర్గంలో పడాలి, ఇవన్నీ తలా ఒక వరసలో రాసి ఉంటాయి. 'నోడిస్‌ప్లే' అన్న వరసలో 'ట్రూ' అని పెడితే ఆ ప్రోగ్రామ్ సిస్టమ్‌లో ఉంటూనే మెనూలో కనపడకుండా పోతుంది. పేరు వరసలో చదరపు కుండలీకరణాల మధ్య తెలుగు సంకేతం వేసి పక్కన తెలుగు పేరు రాస్తే, డెస్క్‌టాప్ తెలుగులో ఉన్నప్పుడు ఆ పేరే కనిపిస్తుంది. ఒక్కో వరసా చేత్తో రాయడం ఇష్టంలేనివాళ్ళకు మెనూలిబ్రే లాంటి ప్రోగ్రామ్‌లున్నాయి. మౌస్‌తోనే సర్దుకోవచ్చు.

ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. సిస్టమ్ ఇచ్చిన అసలు ఫైళ్ళు సిస్టమ్ ఫోల్డర్‌లోనే ఉంటాయి. వాటిని ముట్టుకోనక్కర్లేదు. నాకు కావలసినదానికి అదే పేరుతో ఒక నకలు తీసి నా హోమ్ ఫోల్డర్‌లో నిర్ణీతమైన చోట పెట్టుకుంటే, మెనూ ముందు నాదాన్నే చూస్తుంది. అప్‌డేట్ వచ్చి సిస్టమ్ ఫైలు మారినా నాది మారదు. నా నకలు తీసేస్తే అసలుది మళ్ళీ పైకి వస్తుంది. గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి వేర్వేరు డెస్క్‌టాప్‌లు ఒకే పద్ధతి పాటించేలా చూసే ఫ్రీడెస్క్‌టాప్ అనే వేదిక ఒకటుంది. 2000లో మొదలైంది. దాని పుణ్యమా అని, రేపు నేను డెస్క్‌టాప్ మార్చినా ఈ ఫైళ్ళు పనికొస్తాయి. కొత్త ల్యాప్‌టాప్ కొన్నప్పుడు నేను ముందు చేసేది ఆ ఒక్క ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోంచి తెచ్చి దించడం.

విండోస్ వాడేవాళ్ళు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. విండోస్ 95లో స్టార్ట్ మెనూ అంటే డిస్క్ మీద ఒక ఫోల్డరే. అందులో కొత్త ఫోల్డర్ పెడితే మెనూలో కొత్త మడత వచ్చేది. ఆ పద్ధతి చాలాకాలం నడిచింది. అప్పట్లో ఎంతమంది దాన్ని అలా వాడుకున్నారో గానీ, వాడుకున్నవాళ్ళు 2012 అక్టోబర్‌లో బాగా దెబ్బతిన్నారు. విండోస్ 8 వచ్చి మెనూనే తీసేసి తెరనిండా రంగురంగుల పలకలు పరిచింది. మరుసటి ఏడు 8.1లో బటన్ తిరిగొచ్చింది, మెనూ రాలేదు. మెనూ రావడానికి 2015లో విండోస్ 10 దాకా ఆగాలి. ఆ మధ్యకాలంలో క్లాసిక్ షెల్ లాంటి చిన్న ప్రోగ్రామ్‌లు వేసుకుని జనం పాత మెనూను తెచ్చిపెట్టుకున్నారు. లైనక్స్ వైపు ఇదే గొడవ అంతకు ఏడాదిన్నర ముందే జరిగింది. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 పాత మెనూను పక్కన పెట్టేసరికి, పాతదాన్నే పట్టుకుని కొందరు మాటే అనే డెస్క్‌టాప్‌ను నడిపారు; మింట్ వాళ్ళు సినమన్ తయారుచేశారు. ఒక మెనూ పోయిందని రెండు డెస్క్‌టాప్‌లు పుట్టాయి! మెనూ సర్దుడు చిన్న విషయమనేవాళ్ళకు ఈ ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాను.

అయితే జనం సర్దుకునేది కొత్తదనం కోసమా? వెండీ మెకే అనే పరిశోధకురాలు ఎంఐటీలో యూనిక్స్ వాడే 51 మందిని పరిశీలించి 1991లో ఒక పత్రం వెలువరించారు. చాలామందికి సర్దుకునే తీరిక ఉండదు. ఎప్పుడు పూనుకుంటారంటే, కొత్త వెర్షన్ వచ్చి అలవాటు తప్పించినప్పుడు, దాన్ని మళ్ళీ పాతదానిలా నడిపించుకోవడానికి. ఆ పత్రం సంగతి చదివినప్పుడు నా మెనూ వంక చూసుకున్నాను. నేనేదో ప్రత్యేకంగా అమర్చుకున్నాననుకున్న జాబితా ఆకారం, బొమ్మలు మారినా, నేను మొట్టమొదట పనిచేసిన ఆఫీసు కంప్యూటర్‌లో ఉన్నదే. రాత పైన, నిఘంటువు దాని కింద, లెక్కలు ఆ కింద. ఆ వరస ఎవరు పెట్టారో ఏమో, ఇన్ని కంప్యూటర్లు మారినా దాన్నే మోస్తున్నాను.

మావాడికి ఈ గొడవంతా వింతగా ఉంటుంది. "మెనూ ఎవరు తెరుస్తారు నాన్నా ఈ రోజుల్లో? పేరు రెండక్షరాలు కొడితే వచ్చేస్తుంది కదా" అంటాడు. వస్తుంది. వాడి వేళ్ళు కీబోర్డు మీద నడిచే వేగం చూస్తే నా మెనూ ఎడ్లబండి. కానీ పేరు కొట్టాలంటే పేరు గుర్తుండాలి. ఏడాదికోసారి వాడే ప్రోగ్రామ్ పేరు నాకు గుర్తుండదు. దాని బొమ్మ నీలంగా ఉంటుందనీ, కిందినుంచి రెండోదనీ గుర్తుంటుంది. పైగా వెతుకులాట మనకు తెలిసినదాన్నే ఇస్తుంది. మన దగ్గర ఏమేమి ఉన్నాయో మర్చిపోయినప్పుడు గుర్తుచేసేది జాబితా. "నీకు మర్చిపోయే వయసు వచ్చాక మాట్లాడదాం" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు.

సర్దుడుకు ఒక ధర కూడా ఉంది. అలవాటుపడ్డ చెయ్యి పరాయి కంప్యూటర్ మీద కుంటుతుంది. ఇంకొకరి సిస్టమ్ ముందు కూర్చుంటే నేను కొత్తగా నేర్చుకునేవాడిలా తడుముకుంటాను. నా సిస్టమ్ ముందు కూర్చున్నవాళ్ళదీ అదే గతి. "మీ దాంట్లో ఏదీ ఉండాల్సిన చోట ఉండదు" అని మా ఆవిడ ఫిర్యాదు. ఆవిడకు విడిగా ఒక యూజర్ ఖాతా తెరిచి ఇచ్చాను. అందులో మెనూ మింట్ వాళ్ళు ఎలా పంపారో అలాగే ఉంది. ఆవిడ ఒక్క ఐకాన్ కూడా కదపలేదు. కావలసినవన్నీ ఆవిడకు చక్కగా దొరుకుతున్నాయి. ఈ సంగతి నా వాదానికి మేలు చేయదని తెలుసు. కానీ జాగ్రత్తగా చూస్తే, ఆవిడ మెనూ కూడా కదలని మెనూయే.

చివరగా మా అమ్మ మెనూ సంగతి. ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. పాత డెస్క్‌టాప్ ఒకటి తీసుకెళ్ళి పెట్టి, పెద్ద అక్షరాలతో, తెలుగు పేర్లతో ఆవిడకు కావలసినవి మాత్రం ఉంచి, మిగతావన్నీ దాచేశాను. నా బుద్ధి కొద్దీ రకాల వారీగా సర్దాను: చదివేవి ఒకచోట, చూసేవి ఒకచోట, మాట్లాడేవి ఒకచోట. ఆవిడ చూసి, "ఇలా కాదు నాయనా" అంది. "మరెలా?" అన్నాను. "పొద్దున లేవగానే సుప్రభాతం. తర్వాత పేపరు. మధ్యాహ్నం సీరియల్. సాయంత్రం ప్రవచనం. రాత్రి పిల్ల ఫోను." మనవరాలు డాలస్‌లో ఉంటుంది, దానికి పొద్దెక్కేసరికి ఇక్కడ రాత్రి. ఆవిడ చెప్పిన వరసలోనే పెట్టాను, పైనుంచి కిందికి. పొద్దున మెనూ పైన మొదలుపెడుతుంది, పడుకునేలోగా అడుగుకు చేరుతుంది. ఏ లెక్కలో చూసినా సుప్రభాతం, ఫోను ఒకే రకం కాదు, తరచుదనంలోనూ పొంతన లేదు. గడియారాన్ని బట్టి మెనూ సర్దాలన్న ఆలోచన నాకు గానీ, నాకు తెలిసిన ఏ ప్రోగ్రామ్‌కు గానీ రాలేదు.

అందుకని పిల్లలకో మాట. ఇంట్లో పెద్దవాళ్ళకు ఫోను గానీ కంప్యూటర్ గానీ కొనిచ్చినప్పుడు, మీకు తెలుసు కదా అని మీరే గబగబా సర్దేసి చేతిలో పెట్టకండి. పక్కన కూర్చుని, పొద్దున్నుంచి రాత్రి దాకా వాళ్ళు ఏం చేస్తారో అడగండి. వాళ్ళు చెప్పిన వరసలోనే పెట్టండి, అది మీకు ఎంత అడ్డదిడ్డంగా కనిపించినా సరే. ఆ 'తరచుగా వాడేవి', 'సూచనలు' ఎక్కడుంటే అక్కడ ఆపేయండి. ఆ తర్వాత, మీరు వెళ్ళినప్పుడల్లా దాన్ని బాగుచేయకండి.